గది చవకే, దూరమే ఖరీదు

టూర్ అనగానే మన దగ్గర జరిగే మొదటి పని వాట్సాప్ గ్రూపు పెట్టడం. రెండోది ఎవరో ఒకరు హోటల్ యాప్ తెరిచి "తక్కువ ధర ముందు" అని నొక్కడం. పైన కనబడిన నాలుగు హోటళ్ళ స్క్రీన్‌షాట్లు గ్రూపులో పడతాయి. "ఇదేంట్రా, ఊరికి ఇంత దూరంగా ఉంది?" అని ఎవరైనా అడిగితే సమాధానం రెడీగా ఉంటుంది: "పడుకోవడానికే కదరా రూము, ఎక్కడైతే ఏంటి?" ఇక చర్చ ముగిసినట్టే. ఆ మాటకి ఎదురు చెప్పేవాడు డబ్బున్నోడి కింద లెక్క.

నాకు ఆ మాటతోనే పేచీ. పడుకోవడానికే రూము అన్నది నిజమే. కానీ పడుకోవాలంటే ముందు అక్కడికి చేరాలి, పొద్దున్నే అక్కడి నుంచి బయటపడాలి. యాప్‌లో రూము అద్దె కనిపిస్తుంది, ఆ రూముకి రోజూ వెళ్ళొచ్చే ఖర్చు కనిపించదు. అందుకని నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. కొత్త నగరానికి వెళ్తే "సెంటర్‌లోనా, శివారులోనా" అన్న ప్రశ్న వదిలేసి, "మన పనికీ ఈ గదికీ మధ్య రైలుందా, లేదా" అని అడగాలి. రైలుంటే శివారు కూడా మంచిదే. లేకపోతే ఆ చవక మనకి చవక కాదు.

మనం ఇంజినీరింగ్ వాళ్ళం కదా, ఒక లెక్క వేసి చూద్దాం. అంకెలు ఊరికే అనుకున్నవి, మీరు వెళ్ళే ఊరిని బట్టి మార్చుకోండి. ఊరి చివర ఇద్దరు పడుకునే గది 1200 రూపాయలు. మెట్రో స్టేషన్ పక్కన అలాంటిదే 2000. చివరి హోటల్ మనం చూడాల్సిన చోట్లకి 22 కిలోమీటర్ల దూరం, రైలు లేదు. క్యాబ్ పోను 500, రాను 500. మెట్రో పక్కన ఉంటే మనిషికి పోను 40, రాను 40.

ఇద్దరు వెళ్తే: చివరి హోటల్‌కి 1200, క్యాబ్‌కి 1000, మొత్తం రోజుకి 2200. మెట్రో పక్కన 2000, టికెట్లకి 160, మొత్తం 2160. అంటే చవక గదే నలభై రూపాయలు ఎక్కువ పడింది.

నలుగురు వెళ్తే కథ మారుతుంది. రెండు గదులు, ఒకే క్యాబ్. చివర 2400, క్యాబ్ 1000, మొత్తం 3400. మెట్రో పక్కన 4000, టికెట్లు 320, మొత్తం 4320. ఇక్కడ నిజంగానే 920 మిగిలింది, తలకి 230. ఇది దాచిపెట్టి వాదించడం నా ఉద్దేశం కాదు. సిటీ బస్సులో వెళ్తే ఇంకా మిగులుతుంది.

ఇప్పుడు గంటలు కూడా కలపండి. 22 కిలోమీటర్లు ట్రాఫిక్‌లో గంటంపావు అనుకుందాం, మెట్రోలో ఇరవై నిమిషాలు. పోను రాను తేడా రోజుకి దాదాపు రెండు గంటలు. మూడు రోజుల టూర్‌లో ఐదున్నర గంటలు, అంటే ఒక పూట పోయినట్టే. ఒక రాత్రంతా స్లీపర్‌లో ప్రయాణం చేసి, నెల రోజులు కూడబెట్టిన డబ్బుతో వచ్చిన ఊళ్ళో ఒక పూటని ఫ్లైఓవర్ కింద సిగ్నల్ దగ్గర గడుపుతాం. తలకి 230 కోసం రోజుకి రెండు గంటలు అమ్ముకోవడం కొందరికి సరైన బేరమే కావచ్చు. కానీ అది బేరం అని తెలిసి చెయ్యాలి. "చవగ్గా దొరికింది" అనుకుంటూ చెయ్యకూడదు.

ఆ ఒకే క్యాబ్‌లో ఇంకో మెలిక ఉంది. లెక్క కుదరాలంటే నలుగురూ కలిసే వెళ్ళాలి, కలిసే రావాలి. ఒకడికి సాయంత్రం తలనొప్పి వచ్చి "నేను రూముకి పోతా" అన్నాడంటే క్యాబ్‌లు రెండవుతాయి, మిగిలిన డబ్బంతా అక్కడే సరి. వానొస్తే, రాత్రి పది దాటితే ఆ 500 అలాగే ఉండదని మనందరికీ తెలుసు.

సరే, అయితే సెంటర్‌లోనే ఉందాం అంటారా? అసలు సెంటర్ అంటే ఏది?

మన ఇళ్ళలో పెద్దవాళ్ళకి హైదరాబాద్ అంటే సికింద్రాబాద్ స్టేషన్, నాంపల్లి, అబిడ్స్, కోఠి. "స్టేషన్ ఎదురుగా లాడ్జి తీసుకో, అన్నిటికీ దగ్గర" అంటారు. వాళ్ళ రోజుల్లో ఆ మాట నిజమే. ఇప్పుడు మన సీనియర్లు హైదరాబాద్ వెళ్ళే పనుల్లో ఒకటి అమెరికా వీసా ఇంటర్వ్యూ. కాన్సులేట్ 2008లో మొదలైనప్పుడు బేగంపేటలో పైగా ప్యాలెస్‌లో ఉండేది. సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర దిగినవాడికి అది పక్క వీధి లాంటిది. 2023 మార్చిలో నానక్‌రామ్‌గూడకి మారింది. ఇప్పుడు పొద్దున్నే ఇంటర్వ్యూ పెట్టుకుని సికింద్రాబాద్‌లో గది తీసుకుంటే, మెట్రోలో రాయదుర్గం దాకా వెళ్ళి, అక్కడ దిగి, మళ్ళీ ఆటోనో క్యాబో పట్టాలి. మ్యాపులో "ఊరి మధ్య" అని ఉన్న గది ఆ రోజుకి శివారే. గచ్చిబౌలిలోనో నానక్‌రామ్‌గూడలోనో ఉన్నవాడే ఆ రోజు సెంటర్‌లో ఉన్నట్టు.

ఉద్యోగం ఇంటర్వ్యూలూ అంతే. ఆన్‌లైన్ పరీక్షల సెంటర్లయితే చాలావరకు ఊరి చివర ఇంజినీరింగ్ కాలేజీల్లోనే పడతాయి. సెంటర్ అనేది మన పనిని బట్టి మారుతుంది. చార్మినార్ చూడ్డానికి వెళ్తే ఒక సెంటర్, హైటెక్ సిటీలో పనుంటే ఇంకో సెంటర్.

శివారుల్లో కూడా రెండు రకాలున్నాయి. విజయవాడ నుంచి బస్సులో వచ్చేవాడికి ఎల్బీ నగర్ హైదరాబాద్ గుమ్మం. పాత లెక్కలో అది ఊరి చివర. కానీ మియాపూర్ దాకా వెళ్ళే మెట్రో రెడ్ లైన్ అక్కడే మొదలవుతుంది. 2017 నవంబర్‌లో హైదరాబాద్ మెట్రో మొదలయ్యాక నగరం నడిచే తీరే మారిపోయింది. ఎల్బీ నగర్ నుంచి మియాపూర్‌కి, అంటే నగరం ఈ చివర నుంచి ఆ చివరకి, గంటలోపే వెళ్ళొచ్చు. మధ్యలో ఎంజీబీఎస్, నాంపల్లి, అసెంబ్లీ, అమీర్‌పేట అన్నీ తగులుతాయి. అదే హయత్‌నగర్‌లో గది తీసుకుంటే ఎల్బీ నగర్ దాకా రోడ్డు మీదే రావాలి. శంషాబాద్‌లో ఎయిర్‌పోర్ట్ దగ్గర తీసుకుంటే ఊళ్ళోకి మెట్రో లేదు. యాప్‌లో ఎల్బీ నగర్, హయత్‌నగర్, శంషాబాద్ మూడూ ఒకేలా "ఊరికి దూరం" అని కనబడతాయి. మన కాళ్ళకి మాత్రం మూడూ వేరు.

మనవాళ్ళు ఎక్కువగా వెళ్ళే మిగతా నగరాల్లోనూ ఇదే వరస. చెన్నై తీసుకోండి. తాంబరం ఊరికి దక్షిణాన ఓ మూల. కానీ తాంబరం నుంచి బీచ్ స్టేషన్‌కి 1931 నుంచి కరెంటు రైళ్ళు నడుస్తున్నాయి. టికెట్ ఒక టీ ఖరీదంత. హైదరాబాద్ నుంచి వెళ్ళే చార్మినార్ ఎక్స్‌ప్రెస్ ఇప్పుడు తాంబరం దాకా వెళ్తుంది కూడా. అక్కడ గది తీసుకుంటే గిండీ, ఎగ్మోర్, పార్క్ స్టేషన్ అన్నీ ఒకే లైన్ మీద. పార్క్‌లో దిగి రోడ్డు దాటితే సెంట్రల్ స్టేషన్. ఓఎంఆర్ రోడ్డు మీద దూరంగా, ఏ ఐటీ కంపెనీ పక్కనో అంతకంటే అందమైన గది అదే ధరకి దొరకొచ్చు. మన పని ఆ రోడ్డు మీదే ఉంటే తీసుకోవచ్చు. మెరీనా చూద్దామని వెళ్ళి అక్కడ దిగితే మాత్రం సగం సెలవు రోడ్డు మీదే.

ముంబైలో సౌత్ ముంబై అద్దెలు మన జేబుకి అందవు. అందుకే అక్కడ శివారు తప్పదు. అయినా ఆ ఊరు లోకల్ రైలు మీద పుట్టి పెరిగింది. 1853లో దేశంలో మొదటి ప్రయాణికుల రైలు బోరీబందర్ నుంచి ఠాణేకే కదా నడిచింది. ఠాణేలోనో, నవీ ముంబైలో వాషీలోనో స్టేషన్ పక్కన ఉంటే నష్టం లేదు. కాకపోతే పొద్దున తొమ్మిదింటికి బ్యాగు తగిలించుకుని లోకల్ ఎక్కడం కొత్తవాడికి కుదిరే పని కాదు. రద్దీ తగ్గాక పదకొండింటికి బయల్దేరాలి. వెస్ట్రన్, సెంట్రల్ లైన్లు రెండూ కలిసే దాదర్‌లో కాస్త ఎక్కువ పెట్టి ఉంటే ఆ బాధ చాలావరకు తగ్గుతుంది.

ఢిల్లీలో తెలంగాణ ఎక్స్‌ప్రెస్ న్యూఢిల్లీ స్టేషన్‌లో దింపుతుంది. పహాడ్‌గంజ్ వైపు బయటికొస్తే ఎదురుగానే చిన్న చిన్న హోటళ్ళు. గదులు ఇరుకు, వీధి గోల. అయినా మెట్రో అక్కడే, ఎయిర్‌పోర్ట్ ఎక్స్‌ప్రెస్ లైన్ మొదలయ్యేదీ అక్కడే. ఇటు ఎయిర్‌పోర్ట్ దగ్గర మహిపాల్‌పూర్‌లో గదులు ఫొటోల్లో తళతళలాడుతుంటాయి, ధర కూడా అందుబాటులోనే. తెల్లవారుజామున ఫ్లైట్ ఉన్నవాడికి అంతకంటే మంచి చోటు లేదు. ఎర్రకోట, ఇండియా గేట్ చూసి, ఆంధ్రా భవన్‌లో భోజనం చేసి రావాలనుకునేవాడికి మాత్రం అది రోజూ హైవే ప్రయాణం.

బెంగళూరులో మెజెస్టిక్ చూడండి. రైల్వే స్టేషన్, బస్టాండ్, రెండు మెట్రో లైన్లు కలిసే స్టేషన్, అన్నీ నడిచే దూరంలో. అక్కడి లాడ్జీలు పాతబడ్డాయి, నిజమే. కానీ వైట్‌ఫీల్డ్‌లో ఇంటర్వ్యూ ఉన్నా, జయనగర్‌లో అక్క ఇల్లున్నా మెజెస్టిక్ నుంచి ఒక్క రైలు. 2023 అక్టోబర్‌లో పర్పుల్ లైన్ పూర్తిగా తెరిచేదాకా వైట్‌ఫీల్డ్ పేరు చెబితే భయపడేవాళ్ళు. ఆ లైన్ వచ్చాక అక్కడ గది తీసుకోవడం కూడా తప్పేం కాదు. కిలోమీటర్లు అవే, రైలొచ్చాక అర్థం మారింది.

ఇంతవరకూ డబ్బూ టైమూ మాట్లాడుకున్నాం. నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది వేరే సంగతి. దూరం ఖరీదు గ్రూపులో అందరి మీదా సమానంగా పడదు.

రాత్రి తొమ్మిదిన్నరకి ఊరి చివర బస్సు దిగి, హోటల్ దాకా ఒక కిలోమీటరు చీకట్లో నడవాలి. అబ్బాయిలకి అది "అడ్వెంచర్". మన క్లాసులో అమ్మాయిలకి అది ఇంటికి ఫోన్ చేసి అబద్ధం చెప్పాల్సిన విషయం. "ఎక్కడున్నావే?" అని అమ్మ అడిగితే "రూముకొచ్చేశామమ్మా" అంటారు, నిజానికి ఇంకా షేర్ ఆటోలోనే ఉంటారు. ఆ భయంతో వాళ్ళు ఆరున్నరకే తిరుగుముఖం పడతారు. సాయంత్రం ఏడు తర్వాత ఉండే నగరాన్ని వాళ్ళు చూడనే చూడరు. గది చవక అయింది అబ్బాయిలకి, అందులో సగం టూర్ పోగొట్టుకుంది అమ్మాయిలు. వెలుతురున్న మెయిన్ రోడ్డు మీద, స్టేషన్‌కి ఐదు నిమిషాల దూరంలో గది ఉంటే ఆ సమస్య పూర్తిగా పోదు గానీ చాలా తగ్గుతుంది.

రెండోది, గ్రూపులో అందరికంటే తక్కువ డబ్బున్నవాడు. చవక గదికి మొదట చెయ్యెత్తేది వాడే, ఎందుకంటే అద్దె ముందే కట్టాలి, అది కనిపిస్తుంది. తర్వాత రోజూ క్యాబ్ డబ్బులు పంచుకునేటప్పుడు వాడి బడ్జెట్ చిల్లులు పడుతుంది. మూడో రోజు "మీరెళ్ళి రండ్రా, నాకు నిద్రొస్తోంది" అంటాడు. వాడికి నిద్ర రాలేదు, జేబులో డబ్బు అయిపోయింది. అదే గది మెట్రో పక్కన ఉంటే, నలభై రూపాయల టికెట్టుతో వాడు ఒక్కడైనా బయటికి వెళ్ళగలడు. ఎవరినీ అడగక్కర్లేదు. బస్సూ రైలూ అందే చోట ఉండటం డబ్బున్నవాడి దర్జా అనుకుంటాం గానీ, దాని అవసరం ఎక్కువుండేది డబ్బు లేనివాడికే.

మూడోది, అమ్మానాన్నలతో వెళ్ళినప్పుడు. మే నెలలో మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా ఎండలో వాళ్ళని తిప్పలేం. గది దగ్గరుంటే భోజనం చేసి, కాసేపు నడుం వాల్చి, సాయంత్రం మళ్ళీ బయల్దేరొచ్చు. దూరముంటే మధ్యలో తిరిగెళ్ళే ప్రశ్నే లేదు. మోకాళ్ళ నొప్పులతో అమ్మ ఏ షాపింగ్ మాల్ మెట్ల మీదో కూర్చుని మన కోసం ఎదురుచూస్తుంది. అడిగితే "నాకేం ఫర్లేదు నాన్నా" అనే అంటుంది.

పరీక్ష ముందు రాత్రి గురించి ప్రత్యేకంగా చెప్పాలి. గేట్ పరీక్ష శని, ఆదివారాల్లో జరుగుతుంది, పొద్దున సెషన్ 9:30కి మొదలు. అంతకు చాలా ముందే సెంటర్‌లో ఉండాలి. చాలా నగరాల్లో ఆదివారం మొదటి మెట్రో మామూలు రోజులకంటే ఆలస్యంగా బయల్దేరుతుంది. ఏడాది చదువుని ఒక క్యాబ్ డ్రైవర్ "క్యాన్సిల్" నొక్కడం మీద ఆధారపడనివ్వడం ఎందుకు? ఆ ఒక్క రాత్రికి సెంటర్‌కి నడిచి వెళ్ళగలిగే చోట గది తీసుకోండి. అది ఊరి చివర అయినా సరే, పాత లాడ్జి అయినా సరే, ఐదొందలు ఎక్కువైనా సరే. మిగతా టూర్లలో ఆ ఐదొందలు మిగుల్చుకోవచ్చు.

దీనికి ఎదురు చెప్పేవాళ్ళ మాటల్లోనూ నిజముంది. స్టేషన్ చుట్టుపక్కల లాడ్జీల్లో గోల, ఇరుకు, కిటికీ తీస్తే ఎదురు గోడ. ఆటోవాళ్ళు "ఆ హోటల్ మూసేశారు సార్, నేను మంచిది చూపిస్తా" అని కమీషన్ వచ్చే చోటికి తీసుకెళ్తారు. సొంత కారులో వెళ్ళే కుటుంబానికి ఊరి మధ్యలో పార్కింగ్ పెద్ద తలనొప్పి. వాళ్ళకి హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన గది హాయి. పెళ్ళికి వెళ్ళి ఫంక్షన్ హాల్లోనే రెండు రోజులు గడిపేవాళ్ళకి హాలు పక్కనుంటే చాలు. ప్రశాంతంగా నిద్రపోవడానికే వచ్చినవాళ్ళకి శివారే స్వర్గం. వీళ్ళెవరి గదికీ పనికీ మధ్య రోజూ ప్రయాణం లేదు, గమనించండి. నేను చెప్పేదీ అదే.

ఇంకో రెండు సంగతులు అద్దె పక్కన రాసుకోవాలి. ఒకటి చెక్ ఔట్. మన ఊళ్ళలో, సికింద్రాబాద్, విజయవాడ లాంటి చోట్ల స్టేషన్ దగ్గర చాలా లాడ్జీల్లో 24 గంటల పద్ధతి ఉంది. పొద్దున ఐదింటికి దిగితే మర్నాడు ఐదింటిదాకా గది మనదే. యాప్‌లో దొరికే చాలా హోటళ్ళలో మధ్యాహ్నం పన్నెండుకే గది ఇస్తారు. తెల్లవారుజామున దిగిన మనం ఏడు గంటలు బ్యాగులతో రోడ్డు మీద ఉండాలి, లేదా ఇంకో పూట డబ్బు కట్టాలి. రెండోది రైల్వే రిటైరింగ్ రూములు, డార్మిటరీలు. కన్ఫర్మ్ అయిన టికెట్టో, ఆర్ఏసీ టికెట్టో ఉంటే పీఎన్ఆర్ నంబరుతో ఆన్‌లైన్‌లోనే బుక్ చేసుకోవచ్చు. స్టేషన్‌లోనే ఉంటాయి, ధర కూడా తక్కువే. ముందుగా చూసుకోకపోతే దొరకవు, అంతే.

కాబట్టి మన కాలేజీలో టూర్లు ప్లాన్ చేసేవాళ్ళకి నాదొక విన్నపం. గ్రూపులో పోల్ పెట్టేటప్పుడు హోటల్ పేరూ అద్దే కాకుండా ఇంకో మూడు ముక్కలు కూడా రాయండి: దగ్గరి రైలు లేదా మెట్రో స్టేషన్‌కి నడిస్తే ఎన్ని నిమిషాలు, రోజుకి తలకి ప్రయాణం ఖర్చెంత, రాత్రి చివరి రైలు ఎన్నింటికి. మ్యాపు తెరిస్తే పది నిమిషాల పని. ఆ మూడూ చూశాక కూడా అందరూ చివరి హోటలే కావాలంటే అదే తీసుకోండి, తప్పేం లేదు. కాకపోతే ఓటు వేయమనే ముందు గ్రూపులో అమ్మాయిలని ఒక మాట అడగండి. చివరి రోజు నిద్రొస్తోందని రూములోనే ఉండిపోయేవాడిని కూడా అడగండి. వాళ్ళు "ఓకే" అంటే అప్పుడు ఆ గది నిజంగా చవకైనట్టు.